తెల్లారగానే వదలమన్నావు

ఆగస్టు 3

ప్రియమైన వదినకు,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, మా ఆయనా, ఐదు పెట్టలూ, ఒక కుట్టుమిషనూ క్షేమం. అక్కడ నువ్వూ, అన్నయ్యా, పిల్లలూ కొత్త ఇంట్లో కుదురుకున్నారనీ, అన్నయ్యకి కొత్త ఉద్యోగం నచ్చిందనీ తలుస్తాను. నీ కోళ్ళ ప్రశ్నలు ఫోన్లో వింటూ కూర్చుంటే పొయ్యి మీదది మాడిపోతోంది, తీరిగ్గా కాగితం మీద రాసి పంపు తల్లీ అన్నావు కదా. అందుకే రాస్తున్నాను. ఈసారి మాత్రం మాడినా ఫరవాలేదు, వార్త అలాంటిది.

మన కోళ్ళు గుడ్లు పెట్టాయి!

నా కోళ్ళు అనడానికి నోరు రాలేదు. గూడు ఎంత ఎత్తుండాలో, దాణా ఎంత వెయ్యాలో, పిల్లి వస్తే ఏం చెయ్యాలో, అన్నీ పెరటి గోడ మీద మోచేతులానించి నువ్వు చెప్పినవే. బజార్లో టైలరింగు షాపు మూసేసి, మిషను తెచ్చి వెనక కిటికీ దగ్గర పడేసి, నేను పట్టుకున్నదల్లా పాడైపోతుందని ముఖం వేలాడేసుకుని తిరుగుతుంటే, ఆరు కోడిపిల్లల్ని తెచ్చుకో, మనసు నిలబడుతుంది అన్నదానివి నువ్వే. అవి పెద్దవై, ఈకలు మెరిసి, తలమీది తురాయిలు దొండపండ్లలా ఎర్రబడ్డా ఒక్క గుడ్డూ పెట్టకపోతే, ఈ జాతి అంతే, ఆలస్యం, ఓపిక పట్టు అన్నదానివీ నువ్వే. మా ఆయనైతే వీటికి ఫించను ఎప్పట్నించి ఇస్తారని అడిగేవాడు.

అసలు సంగతి విను. మీరు పక్కవాటా ఖాళీ చేసి వెళ్ళగానే ఇంటి ఓనరు గదులన్నిటికీ తాళాలు వేయించాడు, వెనక మీ పాత సామాన్ల గదితో సహా. కోళ్ళు గోడ పగులులోంచి మీ పెరట్లోకి దూరి ఆ గది తలుపు ముందు వరసగా నిలబడ్డాయి, సినిమా టిక్కెట్లకి నిలబడ్డట్టు. నువ్వు కనబడక బెంగపెట్టుకున్నాయి కాబోలనుకుని తోలుకొచ్చాను. మర్నాడు కర్టెన్లకి అంచు కుడుతూ, చిన్న గుడ్డముక్క కోసం పీలికల పెట్టెలో చెయ్యి పెట్టాను. వెచ్చగా ఏదో తగిలింది. నేను అరిచిన అరుపుకి మా ఆయన సగం ముఖం గడ్డం సబ్బుతో పరిగెత్తుకొచ్చాడు, సూది వేల్లోకి దిగిందనుకుని. గుడ్డు చూసి ఆయనా అరిచాడు. ఇద్దరం దాన్ని అరచేతుల్లో మార్చుకుంటూ పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. చాలా రోజులైంది వదినా, ఈ ఇంట్లో అలా నవ్వి.

ఇప్పుడు ప్రశ్నలు. తిట్టుకోకుండా చదువు. తొలి గుడ్డు గోలీకాయంత ఉంటుంది, పెంకు మెత్తగా ఉండొచ్చు, నెత్తుటి చార ఉన్నా భయపడకు అన్నావు. ఇదేమో బజారు గుడ్డు కంటే పెద్దది, పెంకు రాయిలా ఉంది. ఆ తరవాత పెట్టినవీ అంతే. మొదటిసారే ఇంత గుడ్డు ఎలా పెట్టాయి? ఇంకోటి, గూట్లో మెత్తని గడ్డి వేసి పెట్టాను కదా, దాన్ని తొక్కనైనా తొక్కకుండా నా పీలికల పెట్టెలోకే ఎందుకు ఎక్కుతున్నాయి? పీలికలంటే ఏ కోడికైనా ఇష్టమా, నా కోళ్ళకేనా? మూడోది అడగాలంటే కొంచెం భయంగా ఉంది. చుక్కలపెట్ట గుడ్డు పెట్టి లేచి గోడెక్కి వీధంతా వినబడేలా అరుస్తోంది. మన ఆరో పెట్ట దొరసాని కూడా అలాగే అరిచేది. అలా అరిచేది గొడ్డుకోడి, మిగతావాటినీ చెడగొడుతుందని నువ్వు అంటేనే కదా దాన్ని కోయించాం. మరి ఇది గుడ్డు పెట్టి కూడా ఎందుకు అరుస్తోంది?

రోజూ నువ్వు చెప్పినట్టే తెల్లారగానే గూడు తలుపు తీసేస్తున్నాను. తొందరగా జవాబు రాయి. పిల్లలకి నా ముద్దులు.

ఇట్లు,
ప్రశ్నల పుట్ట, నీ ఆడపడుచు


ఆగస్టు 24

ఒకప్పటి పక్కింటావిడ గారికి,

నమస్కారం. మీరు క్షేమంగానే ఉంటారు. నా క్షేమం మీరు అడగనక్కర్లేదు.

మీ జవాబు అందింది. కొన్ని కోళ్ళు తొలి గుడ్డే పెద్దది పెడతాయి, అది అదృష్టం అన్నారు. గడ్డిలో పేలు ఉండుంటాయి, అందుకే పీలికల్లోకి ఎక్కుతున్నాయి అన్నారు. చుక్కలపెట్ట అరుపు మంచిది కాదు, దాన్నీ దొరసాని వెనకాలే పంపించెయ్ అన్నారు. తెల్లారగానే వదలడం మాత్రం మానొద్దు, మూసిపెడితే జబ్బు చేస్తాయి అని రెండుసార్లు రాశారు. నేను ఎప్పట్లాగే నమ్మాను. చుక్కలపెట్టకి కాళ్ళు కట్టి అరుగు మీద పెట్టి, చికెన్ షాపుకి తీసుకెళ్ళమని మా ఆయన్ని కేకేశాను కూడా.

అప్పుడే మీ వాటాలోకి కొత్తగా దిగిన నర్సమ్మ గోడ మీంచి పిలిచింది. ఆరోజు ఆవిడకి సెలవు, సామాన్ల గది తెరిచి ఊడుస్తోందట. మీ కోళ్ళకి ఇక్కడ బాగా అమర్చారండీ, ఇలాగే ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని అడిగింది. ఏం అమర్చానో నాకే తెలియదు కనక చూద్దామని వెళ్ళాను.

నీళ్ళ డ్రమ్ము వెనకాల వెడల్పాటి వెదురుబుట్ట. బుట్టలో పీలికలు. స్కూలు యూనిఫారాల నీలం ముక్కలు, దిండు గలీబుల పూల ముక్కలు, అన్నీ నా కత్తెర తెగ్గొట్టినవే. కాళ్ళు తుడుచుకునే పట్టా కుట్టుకుంటానని మీరు సంచీ నిండా పట్టికెళ్ళినవి. వాటి మధ్యలో తెల్లటి గుండ్రాయి ఒకటి. ఈ రాయెందుకని అడిగితే నర్సమ్మ నవ్వింది. రాయిని చూసి గుడ్డనుకుని కోళ్ళు అక్కడే పెడతాయట, వాళ్ళమ్మ కూడా అలాగే పెట్టేదట. ఏ వేళకి వదులుతారండీ అని అడిగింది. తెల్లారగానే అన్నాను. అయ్యో, పొద్దెక్కేదాకా వదలకూడదు కదండీ, గూట్లోనే పెట్టేసి బయటికెళ్తాయి, తెల్లారే వదిలితే ఎక్కడ నచ్చితే అక్కడ పెట్టుకుంటాయి అంది. మరి అరిచే కోడో అని అడిగాను. పెట్టిన కోడేగా అరిచేది అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు చూసి.

ఇంటికొచ్చి చుక్కలపెట్ట కాళ్ళు విప్పబోతే ముడి రాలేదు. చివరికి కత్తెరతో తాడు కోసేశాను.

తెలియక తప్పు చెప్పారనుకుందామని చాలా ప్రయత్నించాను. ఆ రాయి అడ్డొస్తోంది. తెలియనివాళ్ళు రాయి పెట్టరు.

ఇంతకాలం నేను అడిగిన ప్రశ్న ఒక్కటే, గుడ్లు ఎందుకు లేవని. రోజూ పొద్దున ఆ గుడ్లు ఏరుకొచ్చి, చేతులు కడుక్కుని, గోడ దగ్గరికొచ్చి నాకు జవాబు చెప్పేదానివి. ఓపిక పట్టమనేదానివి. మీరు అని గౌరవంగా రాసి దూరంగా ఉందామనుకున్నాను, నావల్ల కావడం లేదు. పండగో పబ్బమో వచ్చినట్టు అప్పుడప్పుడు నాలుగు గుడ్లు తెచ్చి, బజార్లో కొన్నాను, మీరూ వండుకోండి అని చేతిలో పెట్టేదానివి. నీ మనసెంత మంచిదని మా ఆయనతో అన్నాను. నా గుడ్లు నాకు దానం చేశావు, నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

దొరసాని మాట చెప్పనా? అది ఏ పాపం చేసింది? గుడ్డు పెట్టి, నీ సామాన్ల గదిలోంచి బయటికొచ్చి, గోడెక్కి, పెట్టానని చెప్పేది. రోజూ చెప్పేది. నాకు దాని భాష రాదని నీకు తెలుసు. నాకు ఎక్కడ అర్థమైపోతుందోనని దాన్ని కోయించావు. నేను చూడలేనంటే, పాపం నువ్వెందుకులే అని నువ్వే చంకన పెట్టుకుని షాపుకి తీసుకెళ్ళావు. కోసిన కోడి కడుపులో ఏమున్నదో చూసే ఉంటావు. తిరిగొచ్చి, గొడ్డుదేలే, నేను చెప్పలా అన్నావు. నేను ఒక్క ముక్క తినలేదు. గిన్నెడు మీ ఇంటికి పంపాను. గిన్నె తోమి మరీ తిరిగిచ్చావు.

ఇదంతా మింగగలను. ఒక్కటి మింగలేను. ఒకరోజు నేను మిషను మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే వచ్చి, వీపు నిమిరి, కొందరి చేతికి కలిసిరాదమ్మా, ఏం చేస్తాం అన్నావు గుర్తుందా? షాపు పోయిన దానితో అనే మాటేనా అది? నా చెయ్యి మంచిదని అప్పటికే పీలికల మధ్య గుడ్లు చూసి రోజూ తెలుస్తోంది కదా నీకు! ఆ సాయంత్రం పెళ్ళి జాకెట్లు పట్టుకుని ఒకావిడ వస్తే, నేను కుడితే పాడవుతాయేమోనని వేరేచోటికి పంపేశాను. అప్పట్నించి కర్టెన్లూ గలీబులూ తప్ప ఏమీ కుట్టలేదు. గుడ్లు పోతే పోయాయి. నా చెయ్యి మీద నాకున్న నమ్మకం తీసుకెళ్ళి ఏం చేసుకున్నావు?

వదినా, నాలుగు గుడ్లు కావాలని అడగలేకపోయావా? అడిగితే బుట్టతో ఇచ్చేదాన్ని.

మీరు వదిలేసి వెళ్ళిన ఇనప మంచం తీసుకెళ్ళడానికి ఈ ఆదివారం అన్నయ్య వస్తున్నాడని ఓనరు చెప్పాడు. పక్కింటి మేకు కూడా ముట్టుకోని మనిషి ఆయన. ఆ బుట్టనీ రాయినీ కదపొద్దని నర్సమ్మకి చెప్పి ఉంచాను. అన్నయ్యని ఆ గదిలోకి తీసుకెళ్ళి, అక్కడ నిలబెట్టి, మొత్తం చెప్తాను. నేను పడ్డది మీ ఇంట్లో ఇంకొకళ్ళకైనా తెలియాలి. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆయనకి తెలిసిపోయి ఉంటుంది. జవాబు రాయకు.

ఇట్లు,
నీకేమీ కాని మనిషి

తా.క. కవరు అంటించకముందే ఆదివారం వచ్చేసింది. అన్నయ్య వచ్చాడు. ఎలా మొదలుపెట్టాలా అని నేను గొంతు సవరించుకుంటుంటే ఆయనే రెండు చేతులూ జోడించాడు. ఇక్కడ ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడి ఏడాదైందట. మీరు ఇక్కడున్నప్పుడు రోజూ క్యారియరు పట్టుకుని ఆయన వెళ్ళేది పనికి కాదు, పని వెతుక్కోవడానికట. నాకెవరు చెప్పారు గనక? చిన్నదానికి బలం లేదు, గుడ్డు పెట్టమని డాక్టరు రాసిచ్చిన రోజుల్లో, చెల్లెమ్మా, నువ్వు పొద్దున్నే గోడ మీంచి గుడ్లు అందించకపోతే మా పిల్లలు ఏమైపోయేవారో అన్నాడు. అప్పుడు నీ ముఖం చూడటానికి సిగ్గేసి తల దించుకుపోయేవాణ్ణి, ఏమీ అనుకోకు అన్నాడు. అత్త పంపింది అని చెప్పి గానీ పిల్లలు నోట్లో పెట్టుకునేవారు కాదట. అలా నువ్వే నేర్పావట.

నేను సామాన్ల గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. లోపల మావి ఇంకేమైనా ఉన్నాయా అని అడిగితే ఏమీ లేవన్నాను. నీకోసం కాదు. నా కోపం పిసరంతైనా తగ్గలేదు. ఆయన చేతులు ఇంకా దింపలేదు, ఎలా చెప్పను?

అడిగితే ఇచ్చేదాన్నని పైన రాశాను. ఏడాదిగా రోజూ ఇస్తూనే ఉన్నానట. మీ ఇంటిల్లిపాదికీ తెలుసు వదినా, నేను ఇచ్చానని. నాకొక్కదానికే తెలియదు.