ఇంటిదేవుడి ప్రసాదం

నాన్నా,

తమ్ముడు దుర్గారావుకి మాత్రలు సగానికి తగ్గించారు. నేనిచ్చిన కాలేయం ముక్కను వాడి ఒళ్ళు పరాయిదనుకుని తిప్పికొట్టకుండా ఇన్నాళ్ళూ ఆ మాత్రలే కాచుకొచ్చాయి. ఈమధ్య డాక్టర్లు వాడి రక్తకణాలను నా కణాలతో కలిపి పెంచి, మళ్ళీ వాడికే ఎక్కించారు. ఇది మనదేనని అవి ఒంటికి నచ్చచెబుతాయట. ఇంకా పరిశోధనలో ఉన్న వైద్యమే అయినా వాడికి పనిచేసింది.

"సూసేవా అక్కా, నా ఒళ్ళు నిన్ను గుర్తెట్టేసింది!" అని వార్డంతా వినబడేలా అరిచాడు. గర్వంతో నా కాలు నేల మీద నిలవలేదు.

చోడవరంలో ఇంటిదేవుడి పూజకి ఇద్దరం వస్తున్నాం. పెళ్ళయి ఇంటిపేరు మారిన ఆడపిల్లకి ఆ ప్రసాదం పెట్టకూడదంటావు. నేనేనాడూ అడగలేదు. ఈసారి నాకూ ఆకు వెయ్యి. వాడి ఒళ్ళే నన్ను పరాయిదనడం మానేసింది. దేవుడంటాడా?

నీ పెద్దకూతురు