ఓడ ఇచ్చినవాళ్ళు

శనివారం

మనవరాలు కంప్యూటర్లో అంతరిక్షం ఆట ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. ఆటలో మొహం చూపని ఒక సంస్థ ఆమెకు ఓడ ఇచ్చింది. ఇప్పుడు, దాక్కున్న ఒక డాక్టరు జాడ అడుగుతోంది. ఊరికే మాట్లాడతారట.

"చెప్పాల్నా తాతా? ఓడ ఇచ్చిండ్రు గదా."

చెప్పేసింది. డాక్టరును చంపేశారు.

నేను పడుచువాణ్ణిగా ఉన్నప్పుడు అడవిలోంచి వచ్చే అన్నలు మాకు బీడీలకు కోసే తునికాకు కూలి పెంచించారు. ఆ నమ్మకంతోనే, వాళ్ళు ఊరికే మాట్లాడతామంటే, వాళ్ళకు దొరక్కుండా తిరుగుతున్న మా ఊరి రాజయ్య రాత్రిళ్ళు పడుకునే చేలో మంచె చూపించాను. తెల్లారి అక్కడే శవం...

"పరేషాన్ గాకు తాతా, ఎనకకు పోయి మళ్ల ఆడుత" అని నవ్వింది. ఈసారి చెప్పలేదు. డాక్టరు బతికాడు.

మంచె చూపింది నేనేనని రాజయ్య భార్యకు తెలియదు. ఈ సాయంత్రం కూడా సీతాఫలాలు తెచ్చి, "గివి పిల్లకియ్యన్నా" అంది.