నీమీద

26 జనవరి 1955, బుధవారం

బళ్ళో పిల్లలతో జెండా ఎగరేసి వచ్చాను. సాయంత్రం బైబిల్ స్టడీ మా ఇంట్లోనే. శుక్లాలొచ్చాక మామయ్యగారికి అక్షరం ఆనడం లేదు. కోడల్ని కాబట్టి చదివే డ్యూటీ నాది. వారానికి ఒక్క వాక్యమే. కానీ దాన్ని వారమంతా చుట్టంలా ఇంట్లో కూర్చోబెడతారు.

పోయినవారం మాట తప్పకూడదన్న వాక్యం వచ్చింది. అప్పట్నించీ బెల్లం వర్తకుడితో కూడా "చూద్దాం" అనడం మానేశారు. నన్నూ అననివ్వరు. కూరేమిటని అడిగితే చూద్దాం అనకూడదట! ఒళ్ళు మండింది. అయినా చదివింది చదివినట్టు బతికే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇవాళ్టిది: అర్పణ పెట్టబోయే వేళ సోదరుడితో విరోధం గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు అతనితో సమాధానపడి రావాలి. ఇది తనకి తేలికేనన్నారు మామయ్యగారు. తన మనసులో ఎవరిమీదా కోపం లేదట.

27 జనవరి

పొద్దున్నే మళ్ళీ చదివించారు. విరోధం "నీకు అతనిమీద" ఉంటే అని లేదు, "అతనికి నీమీద" ఉంటే అని ఉంది. మామయ్యగారు కాఫీ ముట్టలేదు.

2 ఫిబ్రవరి, బుధవారం

అసలు సంగతి ఇవాళ చెప్పారు. వడ్డాదిలో ఈయన అన్నగారు ఉన్నారు, బంగార్రాజుగారు. ఆయన మన మతంలోకి రాలేదు. నాలుగేళ్ళ క్రితం వాళ్ళమ్మ, అంటే మా ఆయన మామ్మగారు, పోతే మామయ్యగారు దహనానికి వెళ్ళారు, పెద్దకర్మకి వెళ్ళలేదు. పిండం పెట్టమంటారని భయం. ఆ రోజు నుంచీ అన్నగారు మాటలు మానేశారు.

విశ్వాసం కోసం చేసింది తప్పెలా అవుతుందని పాస్టరుగారు ధైర్యం చెప్పారు. మామయ్యగారు తలూపారు. కానీ రాత్రి అన్నం సగంలో వదిలేశారు. ఒక్కగానొక్క అన్నగారు. ఈయనకి చూస్తే డెబ్బై దాటాయి.

6 ఫిబ్రవరి, ఆదివారం

కోతపండుగ. చర్చి నిండా చెరుకు గడలు, గుమ్మడికాయలు, కోళ్ళు. మామయ్యగారు బెల్లం దిమ్మ ఎత్తుకుని బల్ల దాకా వెళ్ళారు. కింద పెట్టారు. పాస్టరుగారు ప్రార్థనకి చెయ్యెత్తేసరికి ఈయన వెనక్కి తిరిగి, చెప్పులేసుకుని బయటికి నడిచారు! మా ఆయన పరిగెత్తి వెళ్ళి వడ్డాది బస్సు ఎక్కించి వచ్చారు.

సర్వీసయ్యాక అర్పణల వేలం పాట మొదలైంది. సంఘపెద్ద దాసుగారు ఆ బెల్లం దిమ్మ కూడా పైకెత్తారు. నేను లేచి నిలబడ్డాను. అది ఇంకా అర్పించలేదు, వదిలి వెళ్ళారంతే, ముట్టుకోవద్దన్నాను. ఆడదాన్ని చర్చిలో అంత గొంతు చేశానని అందరూ చూశారు. చూడనీ.

రాత్రి 7 గంటలు

వచ్చారు. మొహం పీక్కుపోయి ఉంది. అన్నగారు పాకలో చెరుకు గానుగ దగ్గర ఉన్నారట. తలెత్తలేదట. ఈయన నిలబడే చెప్పారట:

"అన్నయ్యా, పిండం నానెట్టలేను. ఇప్పుడూ ఎట్టలేను. కానీ ఆ రోజు నువ్వొక్కడివే కూకుని ఏడిసేవు. నీ పక్కన కూకోవలసింది. కూకోనేదు."

అన్నగారు అన్నది ఒక్కటే మాటట. "తిన్నావేట్రా?"

అక్కడ అన్నగారింట్లో తినే వచ్చారు. ఆ సంగతి చెప్తూ మామయ్యగారు కళ్ళు తుడుచుకోలేదు, నాకే చూడ్డం కష్టమై వంటింట్లోకి పోయాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చినందుకు గర్వంగా ఉంది. రాసేశాను.

9 ఫిబ్రవరి

తెల్లారేసరికి అన్నగారే వచ్చారు. ఇద్దరూ అరుగు మీద పక్కపక్కన కూర్చుని వాళ్ళమ్మ కోసం పెద్దగా ఏడుస్తున్నారు. వాళ్ళని దాటి వెళ్ళలేక పెరటి గుమ్మం గుండా బడికి వెళ్ళాను. లేటయింది. హెడ్మిస్ట్రెస్ కారణం అడిగింది. ఇంట్లో ఏడుపులన్నాను. ఎవరు పోయారంది.

మామ్మగారన్నాను.