చాపిన చెయ్యి

ఏమయ్యా,

మన సుజాత ఈ రోజు నుంచి కాలేజీకి నీ సైకిల్ మీద పోతోంది. మూలన పడేసినదాన్ని బయటికి తీసి, వంగిన హ్యాండిల్ తనే షాపులో సరిచేయించుకుంది. వద్దని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. వింటేగా! నీ కూతురే కదా.

రేణిగుంట రోడ్డులో కుడివైపుకు తిరిగే ఆ మలుపు మీదుగానే పోవాలి. "ముందు ఎనక్కి సూడల్ల, తర్వాత కుడి చెయ్యి బారుగా సాపల్ల, అప్పుడే తిరగల్ల" అని నువ్వు నేర్పిన పాఠం నాకే అప్పజెప్పింది.

నువ్వూ ఆ రోజు అట్లాగే చాపావు కదయ్యా! "నన్ను ముందుకు పొమ్మని చెయ్యి ఊపినాడనుకున్నా సార్" అన్నాడు ఆ లారీ డ్రైవరు పోలీసులతో. ఆ ఒక్క మాటతో వాడు బయటపడ్డాడు. నువ్వు మాత్రం ఇంటికి రాలేదు. ఇప్పుడు దీన్ని చెయ్యి చాపమననా, వద్దననా? ఎవర్ని అడగను?

ఉండబట్టలేక సైకిల్ వెనకే పరుగెత్తాను. మలుపు దగ్గర అది వెనక్కి చూసింది, చెయ్యి చాపింది. వెనకనుంచి బస్సు వస్తోంది. నేను రోడ్డు మీదికి దూకి నా చెయ్యీ చాపేశాను. బస్సు కీచుమని ఆగింది. సుజాత మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

కండక్టరు తలుపు తీసి, "ఎక్కమ్మా, యాడికి పోవల్ల?" అన్నాడు.

"యాడికీ లేదు నాయనా" అన్నాను. చెయ్యి మాత్రం దించలేకపోయాను.

రేపు కూడా కాలేజీ ఉందయ్యా.