ఎండుచేపల మధ్య దిగిన విమానం

12-11-24, మంగళవారం

పొద్దుటి నుంచీ మబ్బు. మధ్యాహ్నం సరుగుడు తోట వెనక పాత రన్‌వే మీద చిన్న విమానం దిగింది. అక్కడ మేం చేపలు ఎండేస్తాం. ఆడవాళ్ళు అన్నీ వదిలి పరుగెత్తారు. నేను కదల్లేదు. కొంగ వాలినట్టు వాలింది. చక్రాలు తగిలిన చప్పుడే లేదు.

నడిపింది ఆడపిల్ల. పేరు అనూరాధ. వాన ముంచుకొస్తోందని దించేసిందట.

సాయంత్రం

పోలీసులు కాగితాలు చూసి వెళ్ళారు. వాన తగ్గాక బయలుదేరమన్నారు. పిల్ల మా ఇంట్లోనే ఉంది. వాళ్ళది విజయనగరమే, సూరత్‌లో బట్టల వ్యాపారం. విమానం కలకత్తాలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. లారీ మీద తెప్పిద్దామని తండ్రి, తనే నడిపి తెస్తానని పిల్ల. దెబ్బ తగలకుండా సూరత్ చేరిస్తే విమానం ఉంచుతాడు. లేదంటే అమ్మేస్తాడు. ఇదంతా నా భార్య లక్ష్మణమ్మతో చెప్పింది. నేను గోడవైపు కూర్చుని విన్నాను.

13-11

వాన లేదు. పిల్ల స్నానానికి వెళ్ళింది. లక్ష్మణమ్మ కొబ్బరికాయ పట్టుకుని విమానం దగ్గరికి నడిచింది. వెనకే నేను. మేం పడవ ముక్కు మీద కాయ కొట్టాకే నీళ్ళలోకి దింపుతాం. మా గోవింద్ ఆఖరిసారి వేటకి వెళ్ళిన రోజు లక్ష్మణమ్మ కొట్టడం మరిచిపోయింది. కొడుకు తిరిగి రాలేదు. అప్పటినుంచి దేనికీ మరవదు.

విమానం ముక్కుకి చెక్క పంకా ఉంది. దాని అంచు మీద కొట్టింది. వద్దే అనేలోపే కాయ పగిలింది. అంచున గోరంత చెక్క లేచిపోయింది. ఆమెకి చూపు ఆనదు. దండం పెట్టుకుంది.

అనూరాధ వచ్చి కొబ్బరి ముక్క తింది. ఎక్కడ కొట్టారని అడగలేదు. విమానం చుట్టూ తిరిగింది. పంకా దగ్గర ఆగి వేలితో తడిమింది. చాలాసేపు తడిమింది. నిన్న గట్టిగా దించానని, రాయి ఎగిరి తగిలిందని అంది. ఇలా ఎగిరితే పంకా గాల్లో చీలిపోతుందట.

చెబుదామని గొంతు సవరించుకున్నాను. లక్ష్మణమ్మ పిల్ల తల నిమిరింది.

"ఏడవకే తల్లీ. అమ్మోరే ఆపీసినాది. పైన ఇరిగితే ఏటయ్యేది? నాను కాయ కొట్టబట్టి కిందే తెలిసినాది."

నేను గొంతు సవరించుకోవడం దగ్గరే ఆగిపోయాను.

14-11

తండ్రి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో విన్నాం. ముందే చెప్పానుగా అన్నాడు, అంతే. అరిచి ఉంటే బాగుండేది.

16-11

చెప్పలేదు.

20-11

తండ్రి పంపిన ట్రైలర్, మెకానిక్‌లు వచ్చారు. రెక్కలు ఇప్పుతారని పక్కింటి వెంకీ ఊరంతా చెప్పాడు. ఎగురుతుందనుకుని జనం పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. స్పానర్లు చూసి నూకయ్య బావ, "ఓసోస్, ఇప్పడమంటే ఊడబీకడమా? ఈ మాత్రం మా కోడికీ సేస్తాం" అన్నాడు. అందరూ నవ్వారు. అనూరాధా నవ్వింది. తర్వాత తోటలోకి వెళ్ళి ఎంతకీ రాలేదు.

నేను వెళ్ళాను. చెప్పుతో ఇసుక గీస్తూ నిలబడింది. ఏం తాతా అంది.

టీ తాగుతావా అని అడిగాను.

21-11

ట్రైలర్ వెళ్ళిపోయింది. సాలూరు, రాయపూర్ మీదుగా వెళ్తుందట. రెక్కలు నెల్లిమర్ల జనపనార మిల్లు గోనెల్లో చుట్టారు. పిల్ల డ్రైవర్ పక్కన కూర్చుంది.

వచ్చినవాళ్ళకల్లా లక్ష్మణమ్మ తన కాయ ఆ పిల్లని ఎలా కాపాడిందో చెబుతోంది. గోవింద్ పోయాక ఇంత సంతోషంగా మాట్లాడగా నేను వినలేదు. ఆ సంతోషం ఆ పిల్లది. మేం ఉంచేసుకున్నాం.

5-1-25, ఆదివారం

అనూరాధ ఫోన్ చేసింది. విమానం అమ్మేశారు. తను తండ్రి బట్టల కొట్లో కూర్చుంటోందట. తాతకివ్వు అందట, లక్ష్మణమ్మ నాకిచ్చింది. ఆ రోజు నువ్వు చూశావు కదా తాతా, అంత గట్టిగా దించానా అని అడిగింది. లక్ష్మణమ్మ పక్కనే చేప పొలుసు తీస్తోంది.

"నాను సూడలేదు తల్లీ," అన్నాను. "బయమేసి కళ్ళు మూసీసుకున్నాను."