చేపకంటే సబ్బు వాసన

చెల్లీ,

దేవుడి దయవల్ల మేం బాగున్నాం. ఆదివారం మీరిద్దరూ భోజనానికి రండి. మీ ఆయనకు చేప వాసన కూడా పడదని గుర్తుంది. ఆయన కోసం కోడిముక్కలకు బ్రెడ్ పొడి అద్ది, కొత్త నూనెలో ముందుగా వేయిస్తాను. చేపలకూ అదే పొడి అద్ది, వేరే మూకుడు పెడతాను. వేగాక రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి చేపల పళ్ళెంలో నిమ్మచెక్కలు ఉంచుతాను.

ఒక్క మాట చెబుతాను, సిగ్గుపడకు. పోయినసారి నువ్వు వంటింటి తలుపు వెనక నిలబడి చేపముక్క తినడం, తర్వాత సబ్బుతో నోరు కడుక్కోవడం చూశాను. పెళ్ళయినప్పటి నుంచీ ఇలా దాక్కునే తింటున్నావా అని మనసు చివుక్కుమంది. దేవుడికి చెప్పుకున్నానే గాని ఇంకెవరితోనూ అనలేదు.

నిన్న మీ ఆయనే ఫోన్ చేశారు. "వదినా, ఈసారి కూడా చేపలు వేయించండి. పోయినసారి ఇంటికెళ్ళేదాకా మీ చెల్లి దగ్గర ఒకటే సబ్బు వాసన. దానికంటే చేప వాసనే నయం. తనను నా పక్కనే కూర్చోబెట్టి వడ్డించండి. కాకపోతే కిటికీ తెరిచి పెట్టండి" అన్నారు.

అందుకని మీ ఇద్దరి పళ్ళాలూ కిటికీ పక్కనే పెడుతున్నాను. వంటింట్లో సబ్బు మాత్రం తీసి దాచేస్తాను.

నీ అక్క