కబుర్లు మోయను

మార్చి 3, ఆదివారం

ఇవాళ తేల్చి చెప్పేశాను. ఇకపై కబుర్లు మోయను.

నెల నుంచి ఇదే వరస. అమ్మాయి తన ఇంట్లో చుట్టాలందరి ముందూ తమ్ముణ్ణి నిలకడ లేని మనిషంది. వాడు బ్యాంకు ఉద్యోగం మానేసి డ్రైవింగ్ స్కూల్లో చేరాడని దాని బాధ. తింటున్నవాడు తింటున్నట్టే లేచి వెళ్లిపోయాడు. అప్పటినుంచి ఇద్దరూ ఉప్పూ నిప్పూ. నా కళ్లజోళ్ల షాపులో ఎవరి ఫ్రేముకో స్క్రూ బిగిస్తూ ఉంటే ఫోన్. వాణ్ణి సారీ చెప్పమనమ్మా అని ఇది. అది ఫోన్ పెట్టగానే వాడు. అక్కని నా జోలికి రావద్దని చెప్పు.

నాకు అరవై. ముప్పై దాటిన ఇద్దరి మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నేనెందుకు నలగాలి? మీ సంగతులు ఎన్నైనా చెప్పండి వింటాను, ఒకరి మాట ఒకరికి మాత్రం చేరవెయ్యను అన్నాను.

అమ్మాయి నువ్వసలు తల్లివేనా అంది. వాడు ఫోన్ కట్ చేశాడు.

మార్చి 10, ఆదివారం

ఆదివారం భోజనానికి ఎవరూ రాలేదు. ముగ్గురికి వండి ఒక్కదాన్నే తిన్నాను. బెంగగానే ఉంది. మాట మాత్రం మార్చను.

మార్చి 14, గురువారం

అమ్మాయి డ్యూటీ దిగి నర్సు యూనిఫామ్‌తోనే షాపుకొచ్చింది. వాడు కనీసం, అని మొదలుపెట్టింది. నీ కాళ్ల నొప్పులెలా ఉన్నాయన్నాను. మూతి ముడుచుకుంది. అయినా వెళ్తూ వెళ్తూ తన కళ్లజోడు తీసి తుడవమని నా చేతిలో పెట్టింది. అంత కోపంలోనూ!

మార్చి 19, మంగళవారం

పొద్దున్నే వాడి ఫోన్. స్కూలు మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అక్క పనిచేసే ఆసుపత్రికే తెచ్చారట. అక్కకి ఒక్క మాట చెప్పమ్మా అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిలా ఉంది.

ప్రాణం విలవిల్లాడింది. నేను బయల్దేరుతున్నా, అక్కకి మాత్రం నువ్వే చెప్పుకో అన్నాను. ఫోన్ పెట్టేసి షాపు అలాగే వదిలి బస్సుకి పరుగెత్తాను. షట్టర్ కూడా పక్క షాపాయనే దించాడు.

నేను వెళ్లేసరికి వార్డు తలుపు ఓరగా ఉంది. లోపల ఇద్దరూ అరుచుకుంటున్నారు. అందరి ముందూ అంత మాటంటావా అని వాడు. పొద్దుటినుంచీ వండితే అన్నం మీంచి లేచిపోతావా అని ఇది. లోపలికి పెట్టబోయిన కాలు ఆపుకున్నాను. కాసేపటికి ఇది ఏడుస్తూ, సరేరా, అందరి ముందూ అనడం నాదే తప్పంది. ఏడవకక్కా, కట్టు తడుస్తుంది అన్నాడు వాడు. ఇద్దరూ పకపకా నవ్వారు.

నేనిక లోపలికి వెళ్లలేదు, వచ్చిన దారినే వెనక్కి తిరిగాను. నా పిల్లలు! తగువు పెట్టుకున్నదీ వాళ్లే, తీర్చుకున్నదీ వాళ్లే.

బస్సులో పక్కావిడ ఎక్కడినుంచి వస్తున్నారని అడిగింది. ఆసుపత్రి నుంచి, అబ్బాయికి చెయ్యి విరిగిందని చెప్పాను. నా మొహం ఎంత వెలిగిపోతోందో ఏమో, వింతగా చూసి కాస్త జరిగి కూర్చుంది.

మార్చి 20

ఇవాళ ఇద్దరూ కలిసి నా మీద అలిగారు. నేను గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయానని వార్డు ఆయా చెప్పేసిందట. ఒకే ఫోన్లో, స్పీకర్ పెట్టి, ఒకరి తర్వాత ఒకరు తిట్టారు.

ఎంత కమ్మగా ఉందో.